మామిడి టెంకను ఫ్రిజ్జుల పెట్టకుండ్రి

ఎండకాలం వచ్చిందంటె ఫోన్లల్ల ఒకటే రకం వీడియోలు. పండు తిను, గింజ తీసి తడి కాయితంల చుట్టు, డబ్బాల పెట్టి ఫ్రిజ్జుల దాయి, రెండు మూడు నెలలైనంక తీస్తె మొలక వచ్చి ఉంటది, కుండీల పెట్టు, అయిపాయె. చూసెటోళ్లకు అల్కగనే అనిపిస్తది. మన ముస్తాబాద్, సిరిసిల్ల, కోరుట్ల దిక్కు పిల్లలు గూడ అది చూసి మామిడి టెంకతోని గట్లనే చేస్తున్నరు. నెల రోజులకు డబ్బా తెరిస్తె లోపలి జీడి నల్లగై, మెత్తవడి, బూజు పట్టి ఉంటది. చెయ్యి మంచిది కాదనుకోని ఇడిసిపెడ్తరు.

చెయ్యి మంచిదే. వీడియో మన పండుది కాదు, గంతే.

టెంక ఉండె పండ్లన్నిటికి కట్టుబడి ఒక్కటే. పైన తొక్క, నడుమ గుజ్జు, లోపల గట్టి టెంక, టెంకల జీడి. మామిడి గట్లనే ఉంటది, రేగు గట్లనే ఉంటది, తాటిపండు గట్లనే ఉంటది. అటు చలి దేశాల పీచు పండు, ఆలుబుఖార, ఖుబానీ, బాదం గూడ ఈ వరుసలవే. చూస్తానికి అన్నీ టెంకలే గని వాటి గుణం ఒక్కటి గాదు. రెండు జాతులని అనుకోవచ్చు. ఒకటి పండుకునే టెంక, ఇంకొకటి పండుకోలేని టెంక.

చలి దేశంల పండు ఎండకాలం ఆఖరుకు రాలుతది. అప్పుడే మొలిస్తె ముంగట చలికాలం ఉంటది, మంచు పడ్తది, మొలక సచ్చిపోతది. అందుకే ఆ గింజ తన మీద తానే తాళం ఏసుకుంటది. రెండు మూడు నెలలు తడిల, చలిల ఉన్నంకనే ఆ తాళం తీస్తది. చలి అయిపోయింది, ఇగ లేవొచ్చు అని దానికి అట్ల తెలుస్తది. ఫ్రిజ్జుల పెట్టుడంటె ఆ గింజకు దొంగ చలికాలం చూపెట్టుడన్నట్టు. అమెరికాల ఉన్నోళ్లు, హిమాచల్‌ల ఉన్నోళ్లు చేస్తె అది సరైన పనే.

మన దగ్గర పెండ్లిళ్లల్ల ఖుబానీ కా మీఠా చేస్తరు గదా, ఆ ఎండిన ఖుబానీల టెంకలు ఫ్రిజ్జుల పెట్టి మొలిపియ్యొచ్చు. మొలుస్తయి గూడ. కని చెట్టయినంక ఏం చేస్తవు? గింజకే కాదు, ఆ చెట్టుకు గూడ ఏడాదేడాది చలి కావాలె. 7 డిగ్రీల కింది చలి వందల గంటలు తగిలితెనే మొగ్గ ఇప్పుతది. మన దిక్కు పుష్యమాసంల ఒకటి రెండు పొద్దులు పండ్లు కటకట కొట్టుకున్నా అది దాని లెక్కకు రాదు. ఆకులతోని బతుకుతది, కాయ కాయదు. తక్కువ చలితోని కాసే పీచు రకాలను పంజాబ్ మైదానాలల్ల పండిస్తున్నరు, అక్కడి చలి వేరు, మన చలి వేరు. ఇంకొక ముచ్చట, చిన్న పిల్లలున్న ఇండ్లల్ల మర్చిపోవద్దు: చేదుగ ఉండె ఖుబానీ జీడి తినొద్దు. దాంట్ల ఉండేది కడుపులకు పోయినంక సైనైడ్ అయితది.

ఇగ మామిడికొద్దాం. మామిడి పండు రాలేది ఎప్పుడు? రోహిణి కార్తె ఎండలల్ల, మిరుగం మొదలయ్యే ముంగట. ఇంకో వారం పది రోజులైతె వాన పడ్తది. భూమి ఎచ్చగ ఉంది, తడి వస్తున్నది. ఇగ పండుకొని చేసేదేముంది? అందుకే మామిడి జీడికి నిద్ర అన్నదే లేదు. పండుల ఉన్నప్పుడే అది మొలుస్తానికి తయారుగ ఉంటది. బాగ మాగిన పండు కోస్తె లోపల టెంక పగిలి ఏరు కనవడ్డది ఎప్పుడన్న చూసే ఉంటరు.

దానికి తడి పోవద్దు. వడ్లను, మక్కలను మనం ఎండవోసి దాస్తం, ఎంత ఎండితె అంత మంచిది. మామిడి జీడిని ఎండవెడ్తె సస్తది. చలిల పెట్టినా సస్తది. నీడకు, తడి ఇసుకల పెడ్తె మూడు నాలుగు వారాలు ఆగుతది, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. మొన్న తిన్న పండు టెంక ఇయ్యాల పెట్టుడు మంచిది. పోయిన నెల టెంకలు దడి పక్కన ఎండుతున్నయంటె అవి పొయ్యిలకే.

ఏ పండుది తియ్యాలె? బజార్ల పచ్చగ కోసి, మందు పెట్టి పండవెట్టిన పండు టెంక నమ్మొద్దు. కార్బైడ్‌తోని పండవెట్టుడు చట్టం ప్రకారం నిషేధం, అది వేరే లొల్లి. మన పనికి సంబంధించినంత వరకు, ముదరకముందు కోసిన కాయల జీడి గూడ ముదరది. చెట్టు మీద మాగి రాలిన పండు కావాలె. గుజ్జు గీకి, మంచిగ కడిగి, ఒక్క పూట నీడకు ఆరవెట్టి, బకెట్ నీళ్లల్ల ఎయ్యుండ్రి. మునిగినయి ఉంచుకోండ్రి, తేలినయి తీసెయ్యుండ్రి. తేలిందంటె లోపల జీడి సరిగ నిండలేదు, లేకుంటె పురుగు తిన్నది.

టెంక పురుగు గురించి ఒక మాట చెప్పాలె. కాయ చిన్నగున్నప్పుడే ఆ పురుగు తొక్క మీద గుడ్డు పెడ్తది. పిల్ల పురుగు గుజ్జుల నుంచి తొవ్వ చేసుకుంట టెంకలకు పోతది. కాయ పెరుగుతుంటె ఆ తొవ్వ మూసుకపోతది. పైకి పండు బంగారం లెక్క ఉంటది, తిన్నా రుచి మారది, టెంక పగలగొడ్తె నల్ల పెంకు పురుగు నడుసుకుంట బయటికొస్తది. అందుకే పై పెంకు తీసి జీడి చూసి పెట్టుమంటున్న. కత్తెరతోని టెంక అంచు కొంచెం కత్తిరిచ్చి, రెండు చేతులతోని ఇప్పితె వస్తది. కొడవలి వద్దు, చెయ్యి తెగుతది, జీడి గూడ తెగుతది. పెంకు తీసిన జీడి తొందరగ మొలుస్తది, మొలక తిన్నగ వస్తది. జీడి మూత్రపిండం ఆకారంల వంపు తిరిగి ఉంటది. ఉబ్బు పైకి, లోపలి వంపు కిందికి వచ్చేటట్టు బోర్లిచ్చి, దాని మీద రెండు వేళ్ల మందం మన్ను కప్పాలె. ఎర్రమన్ను, ఇసుక, మాగిన పెంట ఎరువు కలిపితె చాలు. పచ్చి పెంట ఎయ్యొద్దు, ఏడికి మొలక కాలుతది. రెండు మూడు వారాలల్ల తాంబ్ర రంగు ఇగురు బయటికొస్తది. ఆ ఎరుపు చూసి రోగమనుకోని మందు కొట్టెటోళ్లున్నరు. అది లేత ఆకు రంగే, పదిహేను ఇరవై రోజులకు పచ్చవడ్తది. కింద అతుక్కోని ఉన్న జీడిని పీకొద్దు, పిల్లమొక్కకు కొన్ని రోజులు అదే పాలు.

ఇదంత చేసినంక అందరు అడిగే ప్రశ్న ఒకటున్నది. బంగినపల్లి టెంక పెడ్తె బంగినపల్లి వస్తదా?

రాదు. పోలికలు రావొచ్చు, అదే పండు రాదు. మామిడి పూత గెల ఒక్కదాంట్ల వందల నుంచి వేల దాక పూలుంటయి, అందుల కాయ పట్టి నిలిచేది నూటికి ఒక్కటి గూడ ఉండది. ఆ పూల మీద ఈగలు, తేనెటీగలు తిరుగుతయి. ఏ చెట్టు పుప్పొడి తెచ్చి ఏ పూవుల పెట్టిందో ఎవలకెరుక? తల్లి బంగినపల్లి అని మనకు తెలుసు, తండ్రి ఎవలో తెలువది. పక్క పొలం గట్టు మీది పుల్ల మామిడి గావొచ్చు, దశేరి గావొచ్చు. ఆ ఇద్దరి గుణాలు కలిసిందే మన చేతుల ఉన్న టెంక. ఒక్క తల్లి కడుపుల పుట్టిన అన్నదమ్ములు ఒక్క తీరుగ ఉంటరా? గిది గూడ గంతే. జగిత్యాల తోటలల్ల ఎకరాలకు ఎకరాలు ఒక్కటే తీరు పండు కాస్తున్నదంటె, చల్‌గల్ మార్కెట్ల లారీలు నింపి ఢిల్లీ దాక పంపుతున్నరంటె, ఆ చెట్లన్ని టెంకతోని వచ్చినయి కావు. ఒక్క చెట్టు కొమ్మలను తరతరాలుగ అంటు కట్టుకుంట వస్తున్నరు. లెక్క ప్రకారం అవన్ని ఒక్కటే చెట్టు, వేరే వేరే జాగలల్ల నిలవడ్డది.

కేరళ, కొంకణం తీరం దిక్కు కొన్ని రకాలకు మాత్రం ఒక్క టెంకల నుంచి రెండు మూడు మొలకలొస్తయి. అందుల ఎక్కువ మొలకలు అచ్చం తల్లి లెక్కనే ఉంటయి, తండ్రి వాటా వాటికి ఉండది. ఒలూరు, వెల్లైకొలంబన్ అన్నవి గట్ల పేరుపడ్డయి. మన దిక్కు రకాలు మామూలుగ ఒక్క టెంకకు ఒక్క మొలకే.

మరి ఏ పండు వస్తదో తెలువనప్పుడు టెంక పెట్టుడెందుకు, అంటు మొక్క కొంటె అయిపోతది గదా? చానమంది గిట్లనే అంటరు. తోట పెట్టి అమ్ముకునెటోడు అంటే కొనాలె, దాంట్ల వాదం లేదు. ఎకరం భూమిని జూదంల పెట్టలేం. కని అంటు కట్టిన ప్రతి మంచి రకం మొదలు ఎక్కడి నుంచి వచ్చింది? టెంక నుంచే. లక్నో దగ్గర కాకోరి పక్కన దశేరి అని ఊరున్నది. ఆ ఊర్ల ఎవలో తిని పారేసిన టెంకనో, పెట్టిన టెంకనో, ఒక చెట్టు మొలిసింది. దాని పండు రుచి నచ్చి కొమ్మలు అంటు కట్టిండ్రు. మన జగిత్యాల దశేరి గూడ ఆ చెట్టు కొమ్మనే. ఆ తల్లి చెట్టు ఇంకా నిలవడే ఉన్నది.

ఇంకొకటి, సముద్రం అవతలి ముచ్చట. 1889ల మన దేశం నుంచి మల్గోబా మామిడి మొక్కలు అమెరికాకు పోయినయి. ఫ్లోరిడాల వాటిల ఒక్క చెట్టు బతికి కాసింది. దాని టెంకలు కొనుక్కపోయి 1902ల జాన్ హేడెన్ అనే రిటైర్డ్ కెప్టెన్ ఇంటికాడ పెట్టిండు. మరుసటేడు ఆయన కాలం చేసిండు. ఆయన భార్య ఫ్లోరెన్స్ ఆ మొక్కలను సాదింది. 1910ల ఒక చెట్టుకు ఎర్రటి బుగ్గల పండ్లు కాసినయి, హేడెన్ మామిడి అని పేరు వడ్డది. ఇప్పుడు అమెరికా బజార్లల్ల కనవడే టామీ అట్కిన్స్ గూడ హేడెన్ టెంక నుంచి మొలిసిందే. తర్వాత శాస్త్రవేత్తలు డీఎన్ఏ పరీక్ష చేస్తె హేడెన్‌కు తల్లి మల్గోబా, తండ్రి టర్పెంటైన్ అని తేలింది. టర్పెంటైన్ అంటె అక్కడి నాటు మామిడి, పీచు, వాసన, ఎవలు మెచ్చనిది. మన భాషల చెప్పాలంటె పుల్ల మామిడి.

సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రంల వందల మామిడి రకాలను ఎందుకు కాపాడుతున్నరంటె ఇందుకే. రుమానిని, నీలంను కలిపి మంజీర అనే రకం అక్కడ తీసింది గూడ గట్లనే. వాళ్లు తల్లిదండ్రులను తెలుసుకోని కలుపుతరు, మన పొలం గట్టు మీద ఈగ తెలువకుంట కలుపుతది. పని అదే.

అందుకనే నాకు నాటు చెట్ల మీద పావురం ఎక్కువ. పాతకాలం చెట్టు చెట్టుకు పేరుండేది. బెల్లం మామిడి, కొబ్బరి మామిడి, సోపు మామిడి, పీచు మామిడి. ఫలానోళ్ల బాయికాడి చెట్టు కాయ తొక్కుకు మంచిది, రెండేండ్లయినా ముక్క మెత్తవడది అని ఆడోళ్లకు ఎరుకుండేది. దుబాయ్ పోయెటోని సంచిల ఆ తొక్కే పోయేది. ఇప్పుడు ఆ చెట్లు ఎక్కడున్నయి? నీళ్లొచ్చినయి, వరి పెరిగింది, మంచిదే. కని గట్టు మీద పెద్ద చెట్టు ఉంటె దాని నీడకు రెండు గుంటలు పండదు, హార్వెస్టర్ తిరుగది. కట్టె కొనెటోడు తయారుగ ఉంటడు. ఒక్క పూట మిషన్ పెడ్తె ముత్తాత పెట్టిన చెట్టు ట్రాక్టర్ ఎక్కుతది. చెట్టు కొట్టినోణ్ని నేను తిట్టను, ఆయన లెక్క ఆయనకున్నది. చెట్టు పోయినా దాని టెంకలు, కొమ్మలు ఒక్కళ్లన్న తీసి పెట్టుకోవాలె గదా, అది చేస్తలేం. బంగినపల్లి ఎక్కడికీ పోదు, దేశమంత ఉన్నది. మీ ఊరి బెల్లం మామిడి మీ ఊర్లనే ఉన్నది, ఒక్కటే ఉన్నది. అది పోతె దానికి ఇంకొక కాపీ లేదు.

ఇగ టెంక మొక్కతోని ఉన్న పెద్ద తిప్పలు కాలం. కాతకు వస్తానికి ఆరేడేండ్లు, ఒక్కోసారి పదేండ్లు పడ్తది. గల్ఫ్ లెక్కల చెప్పాలంటె రెండేండ్ల వీసా మూడు నాలుగు సార్లు అన్నట్టు. అంటు మొక్క మూడు నాలుగేండ్లకే కాస్తది. ఎందుకు గట్ల? టెంక మొక్క పసిపిల్ల, దానికి వయసు రావాలె. అంటు కట్టిన కొమ్మ ఇరవై ఏండ్ల చెట్టు మీదిది, దాని వయసు ఇరవయ్యే. పిల్లమొక్క ఏర్ల మీద కూసున్నా తన వయసు మర్చిపోదు, అందుకే జల్ది పూస్తది.

ఈ రెండిటిని కలపొచ్చు. నాకు నచ్చిన పద్ధతి గిదే. చెట్టు ఎక్కడ ఉండాలో అక్కడనే గుంత తీసి, మట్టి, ఎరువు నింపి, నాటు మామిడి జీడి మూడు నాలుగు పెట్టుండ్రి. బలమైంది ఒక్కటి ఉంచుండ్రి. ప్యాకెట్ల పెరిగిన మొక్క తల్లి ఏరు అడుగుకు తగిలి సుట్టలు సుట్టుకుంటది. నేలల మొలిసింది తిన్నగ కిందికి పోతది, రేపు బోరు ఎండినా తట్టుకుంటది. మరుసటేడు వానకాలం, కాండం పెన్సిల్ అంత లావు అయినంక, దాని మీద మీకు నచ్చిన కొమ్మ అంటు కట్టుండ్రి. జగిత్యాల దోస్తు తోటల దశేరి కొమ్మ గావొచ్చు, కొట్టెయ్యబోతున్న ఊరి బెల్లం మామిడి కొమ్మ గావొచ్చు.

అంటు కట్టుడు మంత్రం కాదు. మూడు నాలుగు నెలల వయసున్న కొమ్మ చివర కావాలె, మొక్క కాండం ఎంత లావుందో అంతే లావు ఉండాలె. వారం పది రోజుల ముంగట్నే చెట్టు మీదనే దాని ఆకులు కత్తిరియ్యాలె, తొడిమెలు ఉంచాలె. అప్పుడు చివరి మొగ్గ ఉబ్బుతది. ఆ కొమ్మను జానెడంత కోసి, తడి గుడ్డల చుట్టి తెచ్చి, కింది కొసను రెండు దిక్కుల ఏటవాలుగ చెక్కి మేకు లెక్క చెయ్యాలె. మొక్క తల కోసి, నడుమ రెండంగుళాల లోతు చీల్చి, ఆ మేకును అందుల దించాలె. తొక్క కింద సన్నటి పచ్చ పొర ఉంటది, అసలు అతికేది అదే. కొమ్మ పొర, మొక్క పొర ఒక్క పక్కనన్న సరిగ్గ కలవాలె, లేకుంటె ఎంత గట్టిగ కట్టినా దండుగే. సన్నటి ప్లాస్టిక్ పట్టీతోని గాలి, నీళ్లు పోకుండ బిగిచ్చి కట్టి, పైన చిన్న కవర్ టోపీ పెడ్తె అయిపోతది. కత్తి కొత్త బ్లేడంత పదునుండాలె, మామిడి సొన కండ్లల్ల పడొద్దు. రెండు మూడు వారాలల్ల మొగ్గ ఇప్పితె అతికినట్టు. అంటు కింద నుంచి వచ్చే ఇగుర్లను ఎప్పటికప్పుడు తుంచాలె, లేకుంటె నాటుదే పైకి లేస్తది, కట్టిన కొమ్మ ఎండుతది. మొదటి సారి పది కడ్తె మూడు బతికినా మంచిదే. అంటు బతికినంక మొదటి రెండేండ్లు పూత వస్తె గిల్లెయ్యాలె, కాయలకు ఆశపడ్తె చెట్టు గిడసబారుతది.

జాగ ఎక్కువున్నోళ్లు ఒక్క మొక్కనన్న అంటు కట్టకుంట వదిలిపెట్టుండ్రి. అదేం కాస్తదో చూద్దాం.

వేరే టెంకల గురించి రెండు మాటలు. రేగు టెంకకు చలి అక్కర లేదు, దాని పెంకే దానికి అడ్డం. సుత్తెతోని మెల్లగ పగలగొట్టి లోపలి గింజ పెడ్తె వారం పది రోజులల్ల మొలుస్తది, అట్లనే పెడ్తె నెల పడ్తది. దాని మీద పెద్ద రేగు కన్ను అంటు కట్టుకోవచ్చు. మొర్రి చెట్టు, అదే సారపలుకులది, మామిడికి సుట్టమే, పెంకు మాత్రం రాయి. నేరేడు గింజ మామిడి లెక్కనే పండుకోదు, పది పదిహేను రోజుల్ల పెట్టకుంటె మొలవది.

మామిడి పెట్టే జాగ ఇంటి గోడకు ఇరవై అడుగులన్న దూరముండాలె, పైన కరెంటు తీగ ఉండొద్దు. మేకలకు మామిడి ఇగురంటె పానం, సుట్టు తుమ్మ కంప కట్టకుంటె మనం చెప్పుకున్నదంత మేక మేస్తది. చెదలున్న నేలల యాప పిండి రెండు దోసిళ్లు గుంతల కలుపుండ్రి. మొదటి ఎండకాలం గండం. మొక్క పక్కన పాత మట్టికుండ మెడ దాక పాతి, అడుగుకు చిన్న బొక్క చేసి, బట్ట పీలిక పెట్టి నీళ్లు నింపితె వారానికి రెండు కుండలతోని వెళ్లదీస్తది. టెంక పెట్టిన రోజే ఒక రేకు ముక్క మీద మొలతోని గీకి కంపకు కట్టుండ్రి: ఏ చెట్టు టెంక, ఎవలి బాయికాడిది, రుచి ఎట్లుండె, ఏ తారీఖు. ఫోన్ల రాసుకుంటె ఫోన్ మారుతది.